రత్నం గారి బోణీ

ముప్పై ఏళ్లకు పైగా డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏం లోటుగా ఉంది మేడమ్ అని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడిగారు. జీపు అంటాననుకున్నారు, అధికారం అంటాననుకున్నారు. మందుల షాపు వాసనర్రా నాకు లోటు! పొద్దున్నే షట్టరు ఎత్తగానే వచ్చే అట్టపెట్టెల వాసన, బీకాంప్లెక్సు వాసన, దాని మీద అగరొత్తి పొగ. ఏలూరులో మా ఇంటి ఎదురుగా కూడా ఒక మందుల షాపుంది. ఏసీ పెట్టి అద్దాలు బిగించారు, ఏ వాసనా రాదు. వాసన కోసం వెళ్లి ఊరికే నిలబడితే ఏం కావాలి ఆంటీ అంటారు.

ఆ పిల్లలే నాలుగు మాటలు రాసివ్వమన్నారు. శాంపిల్ ఎలా సీలు చెయ్యాలో, రిపోర్టు ఎలా పంపాలో నేను రాయను. అవి ట్రైనింగులో చెబుతారు. చెప్పకపోయినా రెండు తప్పులు చేస్తే వాటంతటవే వచ్చేస్తాయి. ట్రైనింగులో చెప్పనిది ఏమిటంటే, మన ఉద్యోగం మందులతో కాదు, మందుల వెనకాల కూర్చున్న మనుషులతో. అలాంటి మనిషి ఒకాయన, తాడేపల్లిగూడెంలో రత్నం గారని, ఆయన విషయంలో నేనొక పని చేశాను. దాని గురించి ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

కొల్లేట్లో తిన్న చివాట్లు

చేరిన కొత్తలో నాకు పట్టుకోవడమంటే మహా సరదా. ఎవడైనా దొరికితే చాలు, ఆ రోజు అన్నం ఎక్కువ తినేదాన్ని.

కొల్లేటి లంకల్లో ఒక ఊళ్లో, చేపల చెరువులకి మందులమ్మే షాపతను లైసెన్సు లేకుండా యాంటీబయాటిక్స్ అమ్ముతున్నాడని తెలిసింది. షాపు తెరిచే వేళకే వెళ్లి నిలబడ్డాను. అతనింకా దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంటున్నాడు, నేను బల్ల మీద కాగితాలు పరిచేశాను.

"అమ్మా, ఇంకా బోణీ కాలేదండీ. ఒక్క అరగంట ఆగండీ," అన్నాడు.

"నీ బోణీ కోసం గవర్నమెంటు ఆగుతుందా?" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సీసాలు పట్టుకుని, సంతకాలు పెట్టించుకుని బయటికొచ్చాను. వెంటనే అతను షట్టరు దించేసి ఎటో వెళ్లిపోయాడు. మొదటి బేరం కాకముందే గొడవైతే ఆ పూటకి షాపు మూసేసేవాళ్లు చాలామంది ఉంటారు మన వైపు. ఆ సంగతి నాకు తెలియదు.

ఆ రోజు ముసురు పట్టింది. ముసురు పట్టినప్పుడు చెరువులో గాలి చాలక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. వెంటనే ఆక్సిజన్ బిళ్లలు చల్లాలి. నేనింకా జీపెక్కకముందే ఒక రైతు మోటారుసైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చి షట్టరు బాదాడు. బాది బాది నా వైపు తిరిగి, "ఈయనెక్కడికెళ్లాడండీ, మీకేమైనా తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. పక్క ఊరికి వెళ్లి తెచ్చేసరికే ఆ చెరువు పోయిందని సాయంత్రం చెప్పారు.

అప్పట్లో మా ఆఫీసరు మూర్తి గారు. చండశాసనుడు. కానీ మనిషి మంచివాడు. "సీసాలు పట్టావు, చెరువు పోగొట్టావు. శభాష్!" అన్నారు. తరవాత కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మాయ్, బోణీ అంటే నవ్వకు. పొద్దున్నే మొదటొచ్చినవాణ్ణి వ్యాపారస్తుడు ఒట్టి చేతులతో పంపడు. లాభం లేకపోయినా ఇస్తాడు, ఇష్టం లేకపోయినా ఇస్తాడు. ఆ ఒక్క బేరం సవ్యంగా జరిగితే ఆ రోజంతా అతనికి కొండంత ధైర్యం. అది కాకుండా మనం గుమ్మం ఎక్కకూడదు. అయ్యాక వెళ్లు. వెళ్లి చీల్చి చెండాడు, నేనడగను."

ఆ మాట నేను బుద్ధిగా పాటించాను. ఎన్ని షాపులకి వెళ్లినా ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లాకే లోపలికి అడుగు పెట్టేదాన్ని. షాపులవాళ్లు అది గమనించేవారు. బోణీ మేడమ్ గారొచ్చారని నా వెనకాల నవ్వుకునేవారట. నాకూ గర్వంగానే ఉండేది.

గూడెంలో ఒక కుర్చీ

రత్నం గారిది తరతరాల వ్యాపార కుటుంబం. తండ్రిది కిరాణా, ఈయన పట్టుబట్టి ఫార్మసీ చదివి మందుల షాపు పెట్టారు. కింద షాపు, పైన ఇల్లు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నేను ఆఫీసర్ననే లెక్క లేకుండా అమ్మా అనేవారు, ఇంట్లో ఆడపడుచుతో మాట్లాడినట్టు.

ఆయన షాపులో తప్పు వెతకడం దండగ. డేటు అయిపోయిన మందులు మనం అడక్కముందే వేరే పెట్టెలో పెట్టి చూపించేవారు. ఒకసారి ఎవరో ఏజెంటు బిల్లు లేకుండా దగ్గుమందు తక్కువకి ఇస్తానని తిరుగుతున్నాడు. తోటి షాపులవాళ్లు చాలామంది కొన్నారు. రత్నం గారు నాకు ఫోను చేసి, "అమ్మా, ఆ సీసా మూత చూస్తే నాకు నచ్చలేదండీ. పసిపిల్లలు తాగేది, ఒకసారి చూడండి," అన్నారు. అది నకిలీదని తేలింది. ఆ తరవాత తోటివాళ్లు కొన్నాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు చెప్పి నవ్వేశారు తప్ప ఒక్కమాట అనలేదు.

గూడెం వెళ్లిన ప్రతిసారీ పని అయ్యాక అక్కడ కాసేపు కూర్చునేదాన్ని. కౌంటరు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. వచ్చేపోయే జనాన్ని చూస్తూ ఆయన కబుర్లు చెప్పేవారు. ఎవరికి షుగరు పెరిగిందో, ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరు డాక్టరు రాసిన మందులో సగమే కొంటున్నారో, అన్నీ తెలిసేవి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు హాయిగా అనిపించిన చోటేదంటే అదే. మా ఇంట్లో కూడా అంత తీరిగ్గా కూర్చోలేదు నేను.

మామిడిపండు వాసన

ఒకప్పుడు ఈ-సిగరెట్లు బయటే అమ్మేవారు. సిగరెట్ మానిపించే సాధనం అని చెప్పి ఒక ఏజెంటు గూడెంలో రెండు మూడు షాపుల్లో పెట్టాడు. రత్నం గారి కౌంటరు మీదా పెట్టాడు. ఆయన తమ్ముడు సిగరెట్లు తాగి తాగి గొంతులో క్యాన్సరొచ్చి పోయాడు. అందుకని ఆయన నమ్మేశారు. సిగరెట్లు తాగే ముసలాళ్లని పిలిచి మరీ చెప్పేవారు. నేనూ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పెన్నులా ఉంది. ఏమీ అనలేదు.

తరవాత చట్టం వచ్చింది. ఈ-సిగరెట్లు అమ్మకూడదు, నిలవ పెట్టకూడదు, ప్రకటించకూడదు. ఉన్న సరుకుంటే జాబితా రాసి పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. ఆ కాగితం నా బల్ల మీదికీ వచ్చింది. చదివాను. ఇది పోలీసులు చూసుకునే పని కదా అని ఫైల్లో పెట్టేశాను. ఇల్లు అలకగానే పండగవుతుందా? చట్టం వచ్చిందన్న సంగతి షాపుషాపుకీ ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. ఆ షాపులకి రోజూ వెళ్లేది నేను.

ఇంకో మాట కూడా సూటిగా చెబుతాను. ఆ చట్టం మంచిదే. ముసలాళ్లు సిగరెట్లు మానడానికి అని మొదలుపెట్టినది చివరికి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో నేను కళ్లారా చూశాను.

నాలుగైదు నెలలకి ఒకావిడ మా ఆఫీసుకొచ్చారు. ఏలూరులోనే లెక్చరరు. పర్సులోంచి పచ్చరంగు పెన్నులాంటిది ఒకటి తీసి నా ముందు పెట్టారు.

"మా అమ్మాయి పెన్నుల సంచీలో దొరికిందండీ. హైలైటరనుకున్నాను. మూత తీస్తే మామిడిపండు వాసన. క్లాసులో కూర్చునే పీలుస్తోందట. ఇది లేకపోతే చేతులు వణుకుతున్నాయంటోందండీ. ఇంటర్ చదివే పిల్ల! నా క్లాసులో ఎంతమంది పీలుస్తున్నారో నాకేం తెలుసు? నేను పాఠం చెబుతూనే ఉన్నాను," అంటూ భోరుమన్నారు.

ఎక్కడ కొన్నావంటే గూడెంలో అని మాత్రమే చెప్పిందట ఆ పిల్ల. అప్పటికి జిల్లాలు విడిపోలేదు, గూడెం కూడా నా కిందే ఉండేది. అక్కడి ఎస్సైకి ఫోను చేశాను. చురుకైన కుర్రాడు. ఏజెంటుని పట్టుకుని మాట్లాడితే మూడు షాపుల పేర్లు చెప్పాడట. మూడోది రత్నం గారిది.

నా తెలివి

మఫ్టీలో ఒక కానిస్టేబుల్ని మూడు షాపులకీ పంపారు. మొదటి రెండింటివాళ్లు ఆరితేరినవాళ్లు, కొత్త మొహాన్ని చూడగానే లేవు పొమ్మన్నారు. రత్నం గారి దగ్గరికి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ ఆయన, "అవి అమ్మకూడదన్నారు బాబూ, ఆపేశాం. సిగరెట్ మానాలనుంటే డాక్టరు గారికి చూపించుకో," అని చెప్పి పంపారు.

"లోపల సరుకుంది మేడమ్. వాపసు తీసుకోలేదని ఏజెంటే చెప్పాడు. కానీ అమ్ముతుండగా పట్టుకుంటేనే కేసు గట్టిగా ఉంటుంది. పైనుంచి రోజూ అడుగుతున్నారు," అన్నాడు ఎస్సై.

అప్పుడు నేను చెప్పాను. "పొద్దున్నే పంపండి. షట్టరు తీయగానే, మొదటి బేరంగా. కాదనడు."

ఎందుకు చెప్పానని మీరడగచ్చు. ఆ లెక్చరరు గారి ఏడుపు నా చెవుల్లో ఉంది. అది నిజం. రత్నం గారు నాకు తెలిసినాయన కాబట్టి వదిలేశానని రేపు ఎవరైనా అంటారేమోనని భయం. అదీ నిజం. కానీ అసలు నిజం వేరే ఉంది. ఆ ఎస్సై ముందు నా అనుభవం చూపించుకోవాలనిపించింది. అతనికి తెలియనిది నాకు తెలుసు. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు అతను నన్ను మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు నాకు బాగుంది. ఛీ, ఎంత చిన్న సంగతికి!

మర్నాడు పొద్దున్న ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడ్డాను. రత్నం గారు షట్టరెత్తారు, గుమ్మం కడిగారు, అగరొత్తి వెలిగించారు. కానిస్టేబులు వెళ్లి అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను నేర్పిన మాట అతను అప్పజెప్పాడు. "నల్లజర్ల నుంచి వచ్చానండీ. పొద్దున్నే మొదటి బేరం, కాదనకండీ."

రత్నం గారు ఇబ్బంది పడ్డారు. రోడ్డవతల్నుంచే తెలుస్తోంది. పళ్లపొడి తీసి చూపించారు, తలనొప్పి బిళ్లలు చూపించారు, ఇంకేదైనా తీసుకో బాబూ అన్నారు. అతను కదలలేదు. ఆయన దేవుడి పటం వైపు ఒకసారి చూసి, బల్ల కిందికి వంగి, పురికొసతో కట్టేసిన పెట్టె తీశారు. ముడి రాకపోతే కత్తెరతో తెంపారు. ఒకటి తీసిచ్చి, నోటు తీసుకుని కళ్లకద్దుకున్నారు.

ఎస్సై లోపలికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. నన్ను చూడగానే రత్నం గారి మొహం విప్పారింది.

"వచ్చారా అమ్మా! హమ్మయ్య. వీళ్లకి మీరైనా చెప్పండి. నేను అమ్మడం మానేశానని మీకు తెలుసు కదా," అన్నారు.

"రూలు ప్రకారం జరుగుతుంది రత్నం గారూ," అన్నాను.

పెట్టె మీద ఆయన చేతి రాతతో పెద్ద అక్షరాలున్నాయి. 'వాపసు సరుకు. అమ్మరాదు.' పంచనామా రాస్తున్నంతసేపూ అవి నా కళ్ల ముందే ఉన్నాయి. అది కూడా రాయండి అని నేను చెబితే రాసేవాళ్లే. చెప్పలేదు. అది రాస్తే, అమ్మనన్నవాడి చేత ఎలా అమ్మించారని కోర్టులో అడుగుతారు. ఆయన చదవకుండానే నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టారు.

ఊరంతా చెప్పిన మాట

కోర్టులో ఆయన తప్పు ఒప్పుకున్నారు. జరిమానాతో పోయింది. షాపు లైసెన్సు మేం కొన్నాళ్లు సస్పెండు చేశాం, ఆ రిపోర్టు పంపింది కూడా నేనే. కానీ జరిమానాతో పోనిదొకటి ఉంటుంది. మందుల షాపులో పిల్లలకి మత్తు అమ్ముతున్నాడని బజార్లో పాకిపోయింది. చంటిపిల్లల చుక్కల మందుకి ఆయన్నే నమ్మిన తల్లులు పక్క షాపుకి వెళ్లారు. గడువు అయ్యాక లైసెన్సు తిరిగొచ్చినా ఆయన షాపు తెరవలేదు. సెల్‌ఫోను సామాన్లు అమ్మేవాళ్లకి అద్దెకిచ్చేశారు. ఆ లెక్చరరు గారి అమ్మాయి ఎవరి దగ్గర కొన్నదో మాకు చివరిదాకా తేలలేదు. ఏజెంటు చెప్పిన మిగతా రెండు షాపులూ నిక్షేపంలా నడుస్తున్నాయి.

ఇదంతా అయ్యాక కూడా రత్నం గారు ఊళ్లో ఏం చెప్పేవారో తెలుసా? "ఆవిడకేం తెలీదు. అంతా పోలీసులు చేశారు. ఆవిడ దగ్గరుండబట్టి నాకు మర్యాదగా జరిగింది." ఎవరో ఒకరు ఆ మాట నాకు మోసుకొచ్చేవారు. విన్న ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు. తిట్టినా బాగుండేది.

రిటైరయ్యేదాకా నేను గూడెంలో ఆ వీధికి వెళ్లలేదు. పని పడితే జూనియర్లని పంపేదాన్ని. వెళ్లాలని లేకపోవడం కాదు. ఎంతగా అనిపించేదో! మధ్యాహ్నం అయ్యేసరికి ఆ కుర్చీలో కూర్చుని ఆయన కబుర్లు వినాలని ప్రాణం లాగేది. ఆయనకి నిజం చెప్పేస్తే మళ్లీ ఎప్పటిలా కూర్చోవచ్చని, చెప్పనంతకాలం కూర్చోలేనని నా మనసులో ఒక లెక్క ఉండేది.

గూడెం బస్సు

ఈ మధ్యనే ధైర్యం చేసి ఏలూరు నుంచి గూడెం బస్సెక్కాను. మెట్లెక్కి తలుపు తడితే ఆయన భార్య సత్యవతి గారు తీశారు. "ఏవండీ, ఎవరొచ్చారో చూడండి!" అని కేకేశారు. ఆయన లుంగీ సవరించుకుంటూ వచ్చారు. బాగా చిక్కిపోయారు.

"ఇన్నాళ్లకా అమ్మా రావడం! నామీద కోపమొచ్చిందేమో అనుకున్నాను," అన్నారు.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. షుగరుకి కొత్తగా ఏం బిళ్లలొచ్చాయని అడిగారు. పేపర్లో చదివినవి రెండు పేర్లు చెప్పి, అవి ఫలానా రకమే కదా అని నా చేత అవుననిపించుకుని మురిసిపోయారు. ఆయనకీ షాపు మీద బెంగ తీరలేదు. చూస్తుంటే ఇంక ఆగలేక చెప్పేశాను.

"రత్నం గారూ, ఆ రోజు పొద్దున్నే మొదటి బేరంగా పంపమని ఎస్సైకి చెప్పింది నేనండీ. అలా వస్తే మీరు కాదనలేరని నాకు తెలిసే చెప్పాను."

సత్యవతి గారు ఖాళీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మీకు తెలీదని ఊరంతా చెప్పాను," అన్నారు రత్నం గారు.

"తెలుసండీ."

"ఆ పెట్టె నాలుగు నెలలు నా కాళ్ల దగ్గరే ఉందమ్మా. ఎవరికివ్వాలో తెలియక కట్టి పెట్టాను. ఆ నాలుగు నెలల్లో మీరు రెండుసార్లొచ్చి నా పక్కనే కూర్చున్నారు. రత్నం గారూ, అవి ఏమైనా ఉంటే ఇచ్చేయండి అని ఒక్క మాట అంటే మీ జీపులో నేనే పెట్టేవాణ్ణి కదా? ఎందుకడగలేదు?"

రెండుసార్లు వెళ్లినట్టు నాకు గుర్తు కూడా లేదు.

"ఊరుకోండి, ఇంటికొచ్చిన మనిషిని," అన్నారు సత్యవతి గారు.

"నేనేమన్నానే? అడుగుతున్నానంతే," అన్నారాయన. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

పట్టుకోవడానికి నాకు నూటొక్క ఉపాయాలు వచ్చు. అడగాలని మాత్రం తట్టలేదు. పిల్లలూ, కొత్త చట్టం కాగితం మీ బల్ల మీదికి వచ్చిన రోజున దాన్ని పట్టుకుని ముందు మీకు కుర్చీ వేసే షాపుకి వెళ్లండి. వెళ్లి చెప్పండి. అప్పటికీ వినకపోతే అప్పుడు మీ తెలివి చూపించండి.

లేచాను. చెప్పేస్తే మళ్లీ ఎప్పటిలా ఉంటుందని ఇన్నేళ్లూ వేసుకున్న లెక్క తప్పిందని మెట్ల దగ్గరే అర్థమైంది. ఆయన మర్యాద మానలేదు. మోకాళ్ల నొప్పులున్నా గోడ పట్టుకుని కిందిదాకా దిగొచ్చారు. ఆటో ఆపారు. స్టాండుకి ఎంత తీసుకోవాలో డ్రైవరుకి ఆయనే చెప్పారు.

"వెళ్లొస్తానండీ," అన్నాను.

మన వైపు శత్రువైనా సరే, గుమ్మం దాటుతుంటే వెళ్లిరండి అంటారు. రత్నం గారు నా వైపు చూసి, "మంచిదండీ," అన్నారు. ఆటో కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి పిలుస్తారేమోనని.